మా పక్కింటి నర్సమ్మ, ఆమె మిరప మడి

నర్సమ్మ పోయిందన్న కబురు భూపాలపల్లి నుంచి ఫోన్‌లో వచ్చింది. ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులు. పిల్లలు అన్నం తినడానికి పళ్లాలు కడుక్కుంటున్నారు. నేను బడి వరండాలోకి వచ్చి ఫోన్ ఎత్తాను. అవతల ఆమె కొడుకు.

"అక్కా, అమ్మ పొద్దుగాల పోయింది. నిద్రల్నే పోయింది. రేపు డోర్నకల్ తీస్కొస్తున్నం. బాపుకు నువ్వే చెప్పు. నాతోని కాదు" అన్నాడు.

అతను బాపు అని పిలిచేది మా నాయినను. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. అయినా ఆ మాట మా నాయినకు చెప్పడమే అన్నిటికన్నా కష్టమని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

నేను ఇంటికి వచ్చేసరికి నాయిన నర్సమ్మ పెరట్లోనే ఉన్నాడు. ఆమె కొడుకు దగ్గరికి వెళ్లేటప్పుడు గేటు తాళంచెవి ఆయన చేతిలోనే పెట్టి వెళ్లింది. టమాట మొక్కకు కర్ర పాతి, గుడ్డపేలికతో కడుతున్నాడు. చెప్పాను. ఆయన వెనక్కి తిరగలేదు. ముడి పూర్తిగా వేశాడు.

"ఎప్పుడు తెస్తుండ్రట?"

"రేపు."

"మట్టి చేసేది ఈడనేనా?"

"ఈడనే నాయినా."

"మంచిది" అని కుళాయి దగ్గరికి పోయి తిప్పాడు. నీళ్లు రాలేదు. ఆ పూట దానికి నీళ్లు రావని ఆయనకు తెలుసు. అయినా చేతులు దాని కింద పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

ఆమె అసలు పేరు మా వీధిలో చాలామందికి తెలియదు. రిటైరై ఏళ్లయినా అందరికీ నర్సమ్మే. మహబూబాబాద్ పెద్ద దవాఖానలో పని చేసింది. ఉద్యోగమున్నంత కాలం ప్యాసింజరు రైల్లో పోయి వచ్చేది. రైల్వేలో పనిచేసిన భర్త ముందే పోయాడు. కొడుకుకు భూపాలపల్లిలో బొగ్గు గనిలో ఉద్యోగం. డోర్నకల్‌లో ఆమె ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. గోడ నా భుజం ఎత్తు. మా ఆయన రైళ్ల మీద డ్యూటీకి పోతే వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. నేను టీచరుగా ఇక్కడికి బదిలీ అయి వచ్చిన కొత్తలో నాకు ఆ గోడ మీది స్టీలు గిన్నెలే తోడు. ఆదివారం చర్చికి పోయే ముందు కోసిన కూరగాయలు గిన్నెలో వేసి గోడ మీద పెట్టేది. ఒకరోజు బెండకాయలు, ఒకరోజు గోకరకాయలు, ఒకరోజు గుప్పెడు పచ్చిమిరపకాయలు. గిన్నె ఖాళీగా తిరిగి ఇస్తే ఏమీ అనేది కాదు. కడగకుండా ఇస్తే మాత్రం అనేది.

నేను ఎరిగేనాటికే ఆమెకు దవడలో పుండు లేచి, అది క్యాన్సరని తేలి, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. ఎడమ బుగ్గ లోపలికి పోయింది. నోట్లో తడి ఊరడం తగ్గిపోయింది. మాట మధ్యలో ఆగి నీళ్ల సీసా ఎత్తుకుని ఒక గుక్క తాగి మళ్లీ మాట్లాడేది. తినేది మెత్తగా పిసికిన మజ్జిగన్నం. కారం నాలుక మీద పడితే నిప్పు పెట్టినట్టే ఉండేదట. ఒకప్పుడు మిర్చి తొక్కు లేకుండా ముద్ద ఎత్తని మనిషి.

అలాంటి మనిషి పెరట్లో సగం మిరప మొక్కలే. సన్న మిరప, లావు మిరప, ఆకాశంలోకి చూస్తూ కాసే పొట్టి మిరప. మిగతా సగంలో టమాటలు, వంకాయలు, పందిరి మీద బీర, కాకర. కొడుకు వచ్చినప్పుడల్లా అడిగేవాడు. "ఎందుకమ్మా గీ కష్టం? నువ్వు తినకపోతివి."

"నేను తినకపోతే మిర్పచెట్టు కాయదారా?" అనేది.

ఎండాకాలంలో ఆమె పెరడు చూసిన ఎవరైనా మొదట నవ్వేవారు. ఒక్కో మొక్క పక్కన ఒక కర్ర, కర్రకు తలకిందులుగా వేలాడే ఖాళీ సెలైన్ సీసా. సీసాకు నీళ్ల గొట్టం, గొట్టానికి చిన్న చక్రం. చుక్క తర్వాత చుక్క మొదట్లోకి దిగేది. మాకు కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఆ నీళ్లతో తోట బతికించాలంటే అదే దారి అనేది. కూరగాయలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు కూడా సీసాల్లోకే వడకట్టేది. రోహిణి కార్తె వచ్చేసరికి పాత నూలు చీరలు తాళ్లకు కట్టి మిరప మడి మీద నీడ పరిచేది. ఎండ నేరుగా తగిలితే పూత రాలిపోతుంది మరి. పొద్దున్నా సాయంత్రం రౌండ్లకు బయలుదేరేది. ప్రతి మొక్క ముందూ ఆగి, ఆకును తిరగేసి కింది వైపు చూసేది. "ఇయ్యాల బీరతీగకు జ్వరం ఉన్నది బిడ్డా" అని గోడ మీదుగా నాకు చెప్పేది. జోక్ అనుకుని నేను నవ్వితే, నవ్వకుండా నా వైపు చూసేది.

మా నాయిన మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. మహబూబాబాద్ అవతల గూడూరు దగ్గర మా ఊరు. ఆయన బతుకంతా మిరప. రెండేళ్లు వరుసగా తామర పురుగు పడింది. పూతలో దూరి, ఆకులు ముడిచి, చేనును కళ్ల ముందే ఎండబెట్టింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. రెండో ఏడు కాయ కోయకుండానే చెట్లు పీకి కుప్ప పోశాడు. అమ్మ అంతకుముందే పోయింది. భూమి కౌలుకిచ్చేసి, శివరాత్రి ముందర నేనే ఆయనను తెచ్చుకున్నాను. "ఇగ మిర్పకాయ మొఖం సూడ" అన్నాడు రైలు దిగుతూనే. అన్నట్టే చేశాడు. కూరలో పచ్చిమిరప ముక్క కనిపిస్తే ఏరి పళ్లెం అంచున పెట్టేవాడు. మాట్లాడేవాడు కాదు. మంచం గోడ వైపు తిప్పి వేసుకుని, ఆ గోడనే చూస్తూ పడుకునేవాడు. పెద్దతనం, అలసట, కొత్త చోటు అని నేను సర్దిచెప్పుకున్నాను.

ఒకరోజు ఎండలో నర్సమ్మ పెరట్లో మిరప ఆకులన్నీ వేలాడిపోయి కనిపించాయి. నేను కంగారుపడి ఆమెను పిలిచాను.

"పగటీలి వాడిన మొక్కను జూసి పరేషాన్ గావద్దు బిడ్డా. ఎండకు తల వంచుతది, మాపటికి లేస్తది. పొద్దుగాల సూడాలె. పొద్దుగాల కూడ వాడి ఉన్నదంటే అప్పుడు దాని ఏర్లకు ఏమో అయినట్టు."

నీళ్ల సీసా ఎత్తి ఒక గుక్క తాగింది. తర్వాత గొంతు తగ్గించి అంది.

"మీ నాయినను నేను రోజు పొద్దుగాల సూస్తున్న. పొద్దుగాల్నే వాడి ఉంటుండు."

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. మర్నాడు ఆకులు ముడుచుకున్న మిరప కొమ్మ ఒకటి పట్టుకుని మా ఇంట్లోకి వచ్చింది. నాయిన మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, కొమ్మ ఆయన ముందు పెట్టింది.

"అన్నా, నీకు మిర్పల సంగతి ఎర్కేనంట. గిదేం రోగమో జర సూడు."

"నాకేం ఎర్కలేదమ్మ" అని నాయిన మొహం తిప్పుకున్నాడు.

"ఎర్కలేకపోతే ఎర్కలేదను. సూసి అను."

ఆయన చెయ్యి చాపి కొమ్మ తీసుకున్నాడు. ఆకును తిరగేశాడు. వేలితో రుద్దాడు. "ఇది తామర పురుగు గాదు. నల్లి" అన్నాడు. ఆ వారంలో ఆయన నోటి నుంచి నేను విన్న పొడుగు మాట అదే.

ఆ సాయంత్రం మొక్కలను చూడటానికి గోడ దాకా నడిచాడు. ఆ మరుసటి రోజు గేటు దాటి లోపలికి పోయాడు. ఆ రోగమేమిటో ఆమెకు ముందే తెలుసా అని తర్వాతెప్పుడో అడిగాను. "ఎర్కలేకేంది? గాని ఆ రోగం నాకెర్కైతే ఏం లాభం? మీ నాయిన లేవాలె గద" అంది.

వాళ్ల మధ్య మొదటి గొడవ మందు దగ్గరే వచ్చింది. నల్లి మిగతా మొక్కలకు పాకింది. నాయిన అలవాటు చొప్పున, "చెల్లె, మందు కొట్టాలె. నా కాడ మిగిలింది ఉన్నది, తెస్త" అన్నాడు.

"ఆ డబ్బా నా గేటు దాటది" అంది నర్సమ్మ. అంత గట్టిగా ఆమె మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. "పులిసిన మజ్జిగ కొడ్త. వేపనూనె కొడ్త. ఉంటే ఉంటయి, పోతే పోతయి."

నాయినకు మనసు నొచ్చింది. మళ్లీ మంచం ఎక్కాడు. ఆ సాయంత్రం నేను వంట చేస్తుంటే నర్సమ్మ వెనక తలుపు నుంచి వంటింట్లోకి వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"మిగిలింది ఉన్నదన్నడు. ఏడ పెట్టిండు?"

నాకు తెలియదన్నాను.

"ఎతుకు. బిడ్డా, నేను దవాఖానల ఎన్నేండ్లు చేసిన్నో నీకెర్కే. చేను పోయినోళ్లను ఎట్ల మోసుకొస్తరో సూసిన. ఆ వాసన ఇప్పటికి నా ముక్కుల ఉన్నది. మీ నాయినకు గసొంటి ఆలోచన ఉన్నదని నేనంటలేను. లేదని గూడ అంటలేను. ఆ డబ్బా మాత్రం ఇంట్ల ఉండొద్దు."

స్టవ్ ఆపేసి వెతికాను. ఊరి నుంచి తెచ్చిన పార, కొడవళ్లు కట్టిన గోనెసంచిలో, అడుగున, గుడ్డ చుట్టి ఉంది. పనిముట్లతోపాటు ఊరికే వచ్చిందో, ఇంకెందుకైనా తెచ్చుకున్నాడో నాకు ఈరోజుకీ తెలియదు. తెలుసుకోవాలని లేదు. నర్సమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, కొంగు చాటున పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి నాయినను మా మెట్ల మీద కూర్చోబెట్టింది. నన్నూ ఉండమంది. చుట్టూ తిప్పకుండా సూటిగా అడిగింది.

"అన్నా, నీకు సచ్చిపోవాలె అనిపిస్తదా?"

అలాంటి మాట నోటితో అంటే లేనిది తెచ్చిపెట్టినట్టవుతుందని నేను భయపడేదాన్ని. నాయిన కోప్పడతాడనుకున్నాను. ఆయన తన పాదాలవైపు చూసుకున్నాడు. తర్వాత, "అనిపించింది చెల్లె" అన్నాడు. "ఊళ్లె మస్తు అనిపించింది. ఈడికొచ్చినంక గూడ అనిపించింది. నీ మొక్కల కాడికి వస్తున్నప్పటి నుంచి జర తక్కువ."

మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నర్సమ్మ ఓదార్చలేదు. ఆయన నెమ్మదించే దాకా పక్కన కూర్చుంది.

"గట్ల అనిపించినప్పుడు నన్ను పిలువు. ఏ యాల్లనైనా సరే. గోడ అవతల్నే ఉన్న. దీనికి డాక్టరు ఉంటడు, గోలీలు ఉంటయి. నాకు దవడకు రోగమొచ్చింది, నీకు మనసుకొచ్చింది. గంతే. రేపు పోదాం."

మర్నాడు ఇద్దరూ కలిసి రైల్లో మహబూబాబాద్ పోయారు. డాక్టరు గది బయట వరుసలో ఆయనతోపాటు కూర్చుంది. ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు తీసుకుపోయింది. గోలీలు వేసుకున్నాడా అని రోజూ గోడ మీదుగా అడిగేది. అడిగిన గొంతులోనే, వంకాయలకు పుచ్చు పట్టిందేమో చూడమనేది.

ఆ ఎండాకాలం నుంచి ఆమె నాయినకు ఒక పని అప్పగించింది. మొదటి కాయలు కోసిన రోజు సన్న మిరపకాయ ఒకటి తుడిచి ఆయన చేతిలో పెట్టింది. "నేను తినలేను. నువ్వు తిని చెప్పు, ఎట్లున్నదో."

నాయిన వద్దన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి ముక్క కొరికాడు. ఆ ఏడాది ఆయన నోట్లో పడ్డ మొదటి మిరపకాయ అది.

"కారం" అన్నాడు.

"కారమైతే నాకూ ఎర్కే. ఎట్ల కారం?"

"కారం ఎట్లుంటది చెల్లె, కారంగ ఉంటది."

"నాలిక మీదనా, గొంతులనా? కొరకంగనే వచ్చిందా, ఆగి వచ్చిందా?"

నాయిన ఇంకో ముక్క కొరికి కళ్లు మూసుకున్నాడు. "మొదలు పచ్చివాసన. తీపి గూడ ఉన్నది జర. మింగినంక చెవుల కాడికి వచ్చింది. ఇగో, ఇప్పుడు నెత్తిల చెమట పడుతున్నది" అన్నాడు. నర్సమ్మ ఆయన మొహంలోకి చూస్తూ తన ఎండిన పెదవులను నాలుకతో తడుపుకుంది. "గదీ" అంది. "గట్లనే ఉండేది."

అప్పటి నుంచి కోత కోసిన ప్రతిసారీ ఇదే. కాయ పట్టాక నీళ్లు తగ్గిస్తే కారం ఎక్కుతుందని ఆమె, ఎక్కువ తగ్గిస్తే తోలు మందమవుతుందని ఆయన వాదించుకునేవారు. సీసాల చక్రాలు ఒకరు తిప్పిపోతే ఇంకొకరు వచ్చి మళ్లీ తిప్పేవారు. ఒకసారి కోతుల గుంపు పందిరి మీదికి దిగి బీర పిందెలన్నీ తుంపేసింది. ఒక కోతి సెలైన్ సీసా పీకి నీళ్లు తాగేసింది. ఇంకోటి పండుమిరపకాయ కొరికి, రెండు చేతులతో మూతి రుద్దుకుంటూ గోడ దూకి పారిపోయింది. నాయిన కర్ర పట్టుకుని, "సూస్తివా చెల్లె, దానికి మూతి మీద వచ్చింది కారం!" అని అరిచాడు. నర్సమ్మ దవడ పట్టుకుని నవ్వింది. నవ్వితే ఆమెకు నొప్పి. వద్దు వద్దని చెయ్యి ఊపుతూనే నవ్వింది.

ఆ వానాకాలంలో నాయిన ఎవరినో పట్టుకుని నర్సంపేట దిక్కు నుంచి చపాట మిరప గింజలు తెప్పించాడు. టమాటలా లావుగా, ఎర్రగా కాసే మిరప అది. రంగు ఎక్కువ, కారం తక్కువ. ఆమెకు చెప్పకుండా మా ఇంటి వైపు కుండీల్లో నారు పోశాడు. చలి తగ్గే వేళకు కాయలు ఎర్రబడ్డాయి. బాగా పండిన కాయను కోసి, లోపలి గింజలూ ఈనెలూ గీకేసి, నీళ్లలో ఉడికించి, పొట్టు తీసి, గడ్డపెరుగులో మెదిపాడు. మా వంటింట్లో నాయిన అంతసేపు నిలబడటం నేను ఎప్పుడూ చూడలేదు. గిన్నె పట్టుకుని గేటు దాటి పోయాడు. వెనకే నేనూ పోయాను.

"ఏందన్నా ఇది?"

"జర నోట్లె పెట్టుకో. కాకపోతే ఊంచెయ్యి."

చెంచా కొసకు అంటినంత తీసుకుంది. నోట్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు భయమేసి నీళ్ల సీసా అందించాను. తీసుకోలేదు.

"మండుతున్నదా?" అన్నాడు నాయిన.

"మండుతున్నది."

"ఊంచెయ్యి మరి!"

"ఉండనియ్యి" అంది. "జర మండనియ్యి."

మింగింది. కాసేపటికి ఇంకో చెంచా అడిగింది. ఈసారి అడగడం నాయిన వంతు. "ఎట్లున్నది?" అన్నాడు.

"మా అమ్మ రోట్లె పండుమిర్పకాయలు నూరేటప్పుడు ఇంట్లకు రాంగనే ఒక వాసన వచ్చేది. గది" అంది.

అంతకన్నా ఎక్కువ ఆమె తినలేకపోయింది. మళ్లీ ఒకటి రెండుసార్లు ప్రయత్నించింది. కొన్నాళ్లకు మెడ పక్కన గడ్డ తేలింది. అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మళ్లీ కరెంటు పెట్టించుకోనంది. కొడుకు బతిమాలితే, "దవాఖానల ఎంతమందికి చెప్పిన్నో. ఎప్పుడు ఆగాల్నో నాకు గూడ ఎర్కుండాలె గద" అంది. భూపాలపల్లికి బయలుదేరిన రోజున నాయినకు తాళంచెవి ఇచ్చి, ఏ మొక్కకు ఎంత పొయ్యాలో చెప్పలేదు. "గోలీలు మానకు అన్నా" అని మాత్రం చెప్పింది.

అక్కడి నుంచి ఫోన్ చేసేది. చివర్లో మాట స్పష్టంగా వచ్చేది కాదు. అప్పుడు నాయినే మాట్లాడేవాడు. రోజూ సాయంత్రం పెరట్లో తిరుగుతూ చెప్పేవాడు. టమాట పూతకొచ్చిందని, కాకరతీగ గోడ దాటి మా వైపు దిగిందని, కోతులు రాలేదని, కొత్త కాయ కోశానని, అది ఎక్కడ ఎట్లా మండిందో. మంచం మీద గోడకేసి తిరిగి పడుకున్న మనిషి అన్ని మాటలు మాట్లాడుతుంటే, నేను నోట్‌బుక్కులు దిద్దుతూ వింటూ ఉండేదాన్ని. అవతల నుంచి ఊపిరి మాత్రమే వినిపించేదని ఒకరోజు చెప్పాడు. "ఇంటున్నది బిడ్డా. ఇంటున్నట్టు తెలుస్తది" అన్నాడు.

ఆమెను తెచ్చిన రోజు ఎండ మండిపోతోంది. చర్చిలో ప్రార్థన అయ్యాక సమాధుల దొడ్డికి తీసుకుపోయారు. ఆమె సూది మందు పొడిస్తే ఏడ్చిన పిల్లలు ఇప్పుడు పిల్లల తండ్రులై వచ్చారు. దవాఖానలో ఆమెతో పనిచేసిన ఆయమ్మలు వచ్చారు. మా వీధి అంతా వచ్చింది. పాటలు పాడారు. పెట్టెను దించాక ఒక్కొక్కరే వరుసగా వచ్చి గుప్పెడు మట్టి వేస్తున్నారు. తవ్విన మట్టి ఎండకు రాయిలా గట్టిపడింది. గడ్డలు పెట్టె మీద పడ్డప్పుడల్లా దబ్బుమని చప్పుడవుతోంది.

నాయిన వంతు వచ్చింది. తమ పద్ధతి కాదు కదా అని ఒక్క క్షణం ఆగాడు. పాస్టరు గారు రమ్మని తల ఊపారు. నాయిన వంగి రెండు చేతుల నిండా మట్టి ఎత్తుకున్నాడు. వేయలేదు. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క గడ్డనూ వేళ్ల మధ్య చిదపడం మొదలుపెట్టాడు. గులకరాళ్లు ఏరి పక్కన పడేశాడు. గడ్డి వేరు ఒకటి కనిపిస్తే తీసేశాడు. వెనక వరుసలో జనం ఆగిపోయారు. ఎవరూ తొందర పెట్టలేదు. ఎండలో ఆయన తెల్లటి తల, కదులుతున్న ఆ వేళ్లు, అంతే కనిపిస్తున్నాయి నాకు. మట్టి అంతా నారుమడికి వేసే మట్టిలా మెత్తగా అయ్యాక చేతులు ముందుకు చాపి, వేళ్ల సందుల్లోంచి కొద్దికొద్దిగా వదిలాడు.

ఆ మట్టి పడ్డ చప్పుడు మాకెవ్వరికీ వినిపించలేదు.